సామాను సర్దుకుని బయటికి రాగలమా?



గుంటూరులో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒక పెద్దావిడ రెండేళ్ళ కిందట మాఘమాసంలో నాకు ఫోన్ చేశారు. "బాబూ, మా సైటు తెరిస్తే ఏవో పేకాట బొమ్మలు వస్తున్నాయి. మొన్నటిదాకా బాగానే ఉంది. ఇంకో నెల పోతే మామిడికాయ దిగుతుంది, ఆర్డర్లు మొదలవుతాయి. కాస్త చూసిపెట్టు నాయనా" అన్నారు. గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది.

చూశాను. ఆవిడ సైటుకు ఏమీ కాలేదు. సైటు పేరే చేజారిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట సైటు చేసిచ్చిన అబ్బాయి ఆ పేరును తన పేరు మీద, తన మెయిల్ చిరునామాతో నమోదు చేయించాడు. తర్వాత అతను వేరే ఊరు వెళ్ళాడు, ఉద్యోగం మారాడు, ఆ మెయిల్ వాడటం మానేశాడు. గడువు అయిపోతోంది, డబ్బు కట్టండి అని వచ్చిన ఉత్తరాలన్నీ ఎవరూ తెరవని ఆ పెట్టెలోకే వెళ్ళాయి. డాట్ కామ్ పేరుకు గడువు తీరినా వెంటనే పోదు. కొన్ని రోజులు మామూలు రుసుముతోనే కట్టుకోనిస్తారు. ఆ తర్వాత 30 రోజులు అపరాధ రుసుముతో విడిపించుకోవచ్చు. ఆ పైన 5 రోజులకు అది అంగట్లో పడుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. ఇంత గడువు ఉన్నా ఆవిడకు కబురు అందలేదు. పాత పేర్ల కోసం కాచుకుని కూర్చునే జూదం సైట్లవాళ్ళు దాన్ని పట్టుకుపోయారు.

ఆవిడ అప్పటికే 4,000 సీసాలకు సరిపడా లేబుళ్ళు అచ్చు వేయించారు. ప్రతి లేబుల్ మీదా ఆ పాత పేరే. కొత్త పేరు తీసుకున్నాక, ఆవిడా, పనిలో సాయం చేసే ఇద్దరూ కూర్చుని నాలుగు సాయంత్రాలు లేబుళ్ళ మీద చిన్న చీటీలు అంటించారు. అమెరికాలో ఉన్న పాత ఖాతాదార్లలో కొందరు మళ్ళీ తిరిగి రాలేదు. వాళ్ళకు ఆవిడ ఫోన్ నంబరు తెలియదు, ఆ సైటు పేరొక్కటే తెలుసు.

ఆ అబ్బాయి మోసగాడు కాడు. ఆవిడ పేరు మీద రాయించాలని అతనికి తోచలేదు, అడగాలని ఆవిడకు తెలియలేదు. ఇన్నేళ్ళుగా వెబ్‌సైట్లు చేస్తూ నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. దొంగలు పడి పోయినవి తక్కువ, ఎవరూ పట్టించుకోక పోయినవి ఎక్కువ. అప్పటినుంచి ఏ పనిముట్టు చేతిలోకి తీసుకున్నా, ఏ సేవకు డబ్బు కట్టినా ముందుగా ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. రేపు ఇక్కణ్ణించి వెళ్ళిపోవాల్సి వస్తే, నా సామాను నేను తీసుకుపోగలనా? ఈ పూట మీతో చెప్పాలనుకున్నవన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

వెబ్‌సైటు అంటే చాలామంది ఒకటే వస్తువు అనుకుంటారు. నిజానికి మూడు. పచ్చళ్ళ కొట్టునే తీసుకోండి. కొట్టు మీద బోర్డు ఒకటి, కొట్టు గది ఒకటి, గదిలో ఉన్న జాడీలు ఒకటి. బోర్డు మీద ఉన్నది డొమైన్ పేరు. గది అంటే హోస్టింగ్, ఎక్కడో ఒక సర్వరు మీద మనకిచ్చిన చోటు. జాడీలు అంటే మన పేజీలు, ఫోటోలు, ఖాతాదార్ల జాబితా. ఈ మూడూ వేరువేరుగా ఉండటంలోనే మనకు మేలుంది. కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. మనుషులకు అంకెలు గుర్తుండవు. పేరు చెబితే అంకె చెప్పే పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రూపొందించాడు. దాన్నే డీఎన్ఎస్ అంటాం. అందువల్ల గది నచ్చకపోతే వేరే గదికి మారి, పేరు పక్కన అంకె మార్చి రాస్తే చాలు. వచ్చేవాళ్ళకు తేడా తెలియదు. పేరు మన చేతిలో ఉన్నంతకాలం ఎన్ని గదులైనా మారవచ్చు. పేరు పోతే మాత్రం జాడీలన్నీ పదిలంగా ఉన్నా ఎవరికీ దారి తెలియదు.

అందుకని పేరు యజమాని పేరు మీద, యజమాని రోజూ చూసుకునే మెయిల్‌తో ఉండాలి. పేరును ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు. ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్ళకు కట్టుకోవచ్చు. వ్యాపారం నిలదొక్కుకున్నవాళ్ళు కనీసం 5 ఏళ్ళకు కట్టండి అని నేను చెబుతాను. పేరు ఒకరి దగ్గర, హోస్టింగ్ ఇంకొకరి దగ్గర ఉంటే మరీ మంచిది. రెండూ ఒకే చోట ఉంటే తగాదా వచ్చిన రోజున రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

హోస్టింగ్ సంగతికొస్తే, ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనపడే ధర మొదటి ఏడాది ధర. రెండో ఏడాది ఎంత అని అడగండి, చాలా చోట్ల రెండింతలో మూడింతలో ఉంటుంది. 'అపరిమితం' అని రాసి ఉంటే కింద చిన్న అక్షరాల్లో పరిమితులు రాసి ఉంటాయి, ఓపిగ్గా చదవండి. అసలు ఉచితం అన్నచోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1994లో జియోసిటీస్ అనే సేవ మొదలైంది. ఎవరైనా ఉచితంగా సొంత పేజీ పెట్టుకోవచ్చు. ప్రపంచం నలుమూలలా లక్షలమంది పెట్టుకున్నారు. పెళ్ళి ఫోటోలు, వంటలు, పోయిన బిడ్డల జ్ఞాపకాలు, అన్నీ అందులో ఉన్నాయి. 1999లో యాహూ దాన్ని కొన్నది, 2009 అక్టోబర్ 26న మూసేసింది. ఆఖరి నెలల్లో కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రింబవళ్ళు కూర్చుని కాపీ చేయబట్టి కొంత దక్కింది. స్నేహితులు కబుర్లు చెప్పుకునే ఆర్కుట్ అనే సైటు 2014లో వెళ్ళిపోయింది. మన తెలుగు కుర్రాళ్ళు ఎన్ని కబుర్లు, ఎన్ని కవితలు అందులో రాసుకున్నారో ఆ రోజుల్లో కాలేజీలో ఉన్నవాళ్ళకు తెలుసు.

దీనికి ఎదురుగా రెండు ఉదాహరణలు చూడండి. ఈమాట అనే తెలుగు అంతర్జాల పత్రిక 1998లో అమెరికాలోని తెలుగువాళ్ళు మొదలుపెట్టింది. సొంత పేరు మీద, సొంత పూనికతో నడుస్తోంది, పాత సంచికలు ఈనాటికీ చదువుకోవచ్చు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటన్నిటినీ మూటగట్టి ఒక ఫైలుగా ఎవరైనా దించుకోవచ్చు, అనుమతి అడగక్కర్లేదు. సామాను తీసుకుపోయే హక్కు రాసినవాళ్ళకే కాదు, చదివేవాళ్ళకు కూడా ఇచ్చిన సంస్థ అది. నాకు వికీపీడియా మీద ఉన్న గౌరవానికి సగం కారణం ఇదే.

సర్వరు ఎక్కడ ఉంది అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన దగ్గర్నించి అమెరికా తూర్పు తీరం 13,000 కిలోమీటర్ల పైచిలుకు. కబురు వెళ్ళి రావడానికి, తీగ ఎంత సూటిగా వేసినా, సెకనులో ఎనిమిదో వంతైనా పడుతుంది. తీగలు అంత సూటిగా పోవు కాబట్టి ఆచరణలో ఐదో వంతు దాటుతుంది. ఇది చిన్న సంఖ్యే. కానీ ఒక పేజీ తెరవడానికి ఇలాంటి రానుపోనులు పదులకొద్దీ జరుగుతాయి. అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబయిలోనూ, 2022లో హైదరాబాదులోనూ సర్వర్ల కేంద్రాలు తెరిచింది. పచ్చళ్ళు కొనేవాళ్ళు విజయవాడలో ఉన్నప్పుడు జాడీలను వర్జీనియాలో పెట్టడం దేనికి?

దూరం సగం సంగతి, బరువు మిగతా సగం. మాది మార్కాపురం దగ్గర పల్లె. నెలకోసారి గుంటూరు నుంచి బస్సులో ఊరికి వెళ్తాను. వినుకొండ దాటాక కొన్ని చోట్ల సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సరిగ్గా అక్కడ, నా దగ్గరున్న పాత ఫోన్ తీసి, ఆ నెలలో నేను చేసిన సైట్లన్నీ ఒక్కొక్కటీ తెరుస్తాను. గుంటూరులో నా బల్ల దగ్గర రెప్పపాటులో తెరుచుకున్న పేజీ అక్కడ తెల్ల కాగితంలా ఉండిపోతుంది. ఒకసారి ఒక ఆసుపత్రి సైటులో అత్యవసర ఫోన్ నంబరు కనపడటానికి నిమిషం పైన పట్టింది. పైన ఒక పెద్ద ఫోటో, అది కదలడానికి ఒక ప్రోగ్రాము, దాని వెనక ఇంకో ఐదు. నంబరు అన్నిటికన్నా చివర. ఊరు చేరేలోపే ఆ ఫోటో తీసేశాను. ఇప్పుడు ఆ సైటులో మొట్టమొదట వచ్చేవి నంబరూ, దారీ, డాక్టర్ల వేళలూ. మనం ఎవరికోసం చేస్తున్నామో వాళ్ళున్న చోట కూర్చుని చూడకుండా సైటు బాగుందనే హక్కు మనకు లేదు. వెబ్ డెవలపర్లుగా పని నేర్చుకుంటున్న పిల్లలు ఎవరైనా వింటుంటే, మీ ఊరి బస్సెక్కి చూడండి అని నా మనవి.

తేలికగా చేసిన పేజీ ఎక్కువకాలం బతుకుతుంది కూడా. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనాలయంలో చేసిన మొట్టమొదటి వెబ్ పేజీ 1991లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అది ఇవాళ్టి ఫోన్‌లో తెరిచినా చక్కగా చదవొచ్చు. ఉన్నవి అక్షరాలూ, లంకెలూ మాత్రమే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వెబ్ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ ప్రకటన లేకపోతే నాకు ఈ వృత్తి లేదు. పదేళ్ళ కిందట నేనే హంగులతో చేసిన సైట్లు కొన్ని ఇప్పటి బ్రౌజర్లలో సరిగ్గా తెరుచుకోవడం లేదు. ముప్పై ఏళ్ళు దాటిన ఆ పేజీ తెరుచుకుంటోంది.

పనిముట్ల గురించి నన్ను తరచూ అడుగుతారు. సైటు దేంతో చేయించుకోవాలి అంటే, రోజూ కొత్త సరుకు ఎక్కించేవాళ్ళకు వర్డ్‌ప్రెస్ అంటాను. 2003లో పుట్టింది, ప్రపంచంలోని సైట్లలో నూటికి నలభైకి పైగా దాని మీదే ఉన్నాయి. రాసిన పేజీలన్నిటినీ ఫైలుగా కట్టి ఇచ్చే ఏర్పాటు అందులోనే ఉంది. కానీ దానికి తగిలించే ప్లగిన్లు తగ్గించుకోవాలి. వేళకు కొత్త కూర్పుకు మార్చుకోవాలి. ఏడాదికి రెండుసార్లు కూడా మారని సైటైతే మామూలు పేజీలు చాలు, తాళం వేయాల్సిన తలుపులు బాగా తగ్గుతాయి.

నేను కోడు రాసుకునేది విమ్ అనే ఎడిటర్‌లో. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో దీన్ని విడుదల చేశాడు. డబ్బు తీసుకోలేదు. మీకు నచ్చితే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయండి అని విమ్ తెరవగానే కనిపించే మొదటి తెర మీద రాశాడు. మూడు దశాబ్దాల పైన దాన్ని తీర్చిదిద్దుతూ 2023 ఆగస్టులో కన్నుమూశాడు. ఆ వార్త చదివిన పొద్దున కూడా నేను విమ్ తెరిచే పని చేసుకున్నాను. మర్నాడూ అంతే. దాని కోడు అందరికీ తెరిచి ఉంచాడు కాబట్టి వేరేవాళ్ళు అందుకుని నడిపిస్తున్నారు. నా చేతివేళ్ళకు ఇరవై ఏళ్ళుగా అలవాటైన పనిముట్టు, చేసిన మనిషి పోయినా పోలేదు. అందులో నేను రాసినవన్నీ మామూలు పాఠ్యం ఫైళ్ళు, ఏ ఎడిటర్‌లో అయినా తెరుచుకుంటాయి. ఈమధ్య కోడు రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి, నేనూ వాడుతున్నాను. చదివి అర్థం చెప్పలేని వరుస ఒక్కటి కూడా ఖాతాదారు సైటులోకి పోనివ్వను. రేపు ఆ సాధనం లేకపోయినా ఆ కోడు నేనే మరమ్మతు చేయగలగాలి.

ఇప్పుడు మన భాష సంగతి. నాకు ఇదే అన్నిటికన్నా దగ్గరి విషయం.

మా నాన్నగారు తెలుగు మాస్టారు. మా ప్రాంతపు ఊళ్ళ గురించి, చెరువుల గురించి, శాసనాల గురించి 34 వ్యాసాలు రాశారు. 2001లో ఒక డీటీపీ సెంటరులో టైపు చేయించి ఫ్లాపీల్లో దాచారు. పుస్తకం వేయడం కుదరలేదు. నాన్నగారు పోయాక ఆ ఫైళ్ళు తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, గీతలు, ఏ వరుసా లేకుండా. ఆనాటి డీటీపీ ఫాంట్లలో తెలుగు తెర మీది బొమ్మ మాత్రమే. లోపల కంప్యూటరు దాచుకున్నది ఏదో ఇంగ్లీషు అక్షరాన్ని. ఆ ఫాంటు ఉన్నంతసేపు అది 'అ'లాగా కనపడుతుంది. ఫాంటు లేకపోతే అసలు రూపం బయటపడుతుంది. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అంటే మా నాన్నగారి మాటల తాళంచెవి ఆయన దగ్గర లేదు, ఫాంటు అమ్మినవాళ్ళ దగ్గర ఉంది.

యూనికోడ్ వచ్చి ఈ బాధ తీర్చింది. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సొంత సంఖ్య. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. 'అ' సంఖ్య 3077. గుంటూరులో టైపు చేసినా డాలస్‌లో తెరిచినా, ఏ ఫాంటులో చూసినా అది 'అ'యే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు కనపడింది. లేఖినిలాంటి ఉచిత సాధనాలతో వేలమంది తెలుగు టైపు చేయడం నేర్చుకున్నారు. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పద్మలాంటి సాధనాలను తెలుగువాళ్ళే చేసిపెట్టారు. పోతన ఫాంటు దగ్గర్నించి రామభద్ర, మండలి, సూరన్నల వరకు మంచి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఇవేవీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రుళ్ళు మేలుకుని, కొందరు మనకోసం చేశారు.

అయినా తెలుగు సైట్లు తెరిచినప్పుడు నాకు కష్టంగానే ఉంటుంది. సైట్లకు వాడే టెంప్లేట్లు ఇంగ్లీషు కోసం చేసినవి. వరుసకూ వరుసకూ మధ్య దూరం తక్కువ ఇస్తారు. ఇంగ్లీషుకు అది చాలు. మనకు 'రాష్ట్రం' అని రాస్తే కింద రెండు వత్తులు దిగుతాయి, 'స్త్రీ' అని రాస్తే పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. పై వరుస వత్తులు కింది వరుస గుడిని ఢీకొంటాయి, లేదా పెట్టె అంచుకు తగిలి తెగిపోతాయి. అక్షరం ఎత్తుకు ఒకటీ ముప్పావు రెట్లు దూరం ఇస్తే హాయిగా చదవొచ్చు. ఒక్క అంకె మార్చే పని. వాలు అక్షరాలు కూడా అంతే. అవి ఇంగ్లీషు అచ్చు సంప్రదాయం. తెలుగును బ్రౌజరు బలవంతంగా వంచితే కంటికి నొప్పి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం, లోపల కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి, సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. అప్పుడు చాలామంది వింతగా చెప్పుకున్నారు. నాకు బాధ వేసింది. 'జ్ఞానం' అన్న మాట మనం రోజూ వాడతాం. విడుదలకు ముందు తెలుగులో పరీక్షించడం తెలుగు తెలిసిన మనం అడిగి చేయించుకోవాల్సిన పని.

ఇక బ్యాకప్. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వరు అనుకుని ఇంకో సర్వరు మీది సమాచారం తుడిచేశాడు. వాళ్ళకు కాపీ తీసే మార్గాలు ఐదు ఉన్నాయి. ఐదూ ఆ రాత్రి అక్కరకు రాలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన కాపీ ఒకటి దొరికింది. జరిగినదంతా వాళ్ళు దాచకుండా ప్రపంచానికి చెప్పారు, అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. అది చదివాక నేను ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక ఖాతాదారు బ్యాకప్‌ను తీసి, ఖాళీ కంప్యూటరులో పూర్తిగా నిలబెట్టి చూస్తున్నాను. ఇప్పటికి మూడుసార్లు లోపం బయటపడింది. మూడుసార్లూ సరిచేయగలిగాను.

ఇక మా నాన్నగారి వ్యాసాల సంగతి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి మూడు నెలలు రాత్రుళ్ళు కూర్చున్నాను. 34లో 31 దక్కాయి. ఒకదానికి ప్రూఫు కాగితాలు ఇంట్లో దొరికితే మళ్ళీ టైపు చేశాను. మిగిలిన రెండూ ఉన్న ఫ్లాపీ చెడిపోయింది. అందులో ఒకటి మా ఊరి చెరువు గురించి.

మీ ఇళ్ళలో, మీ డీటీపీ సెంటర్లలో, చిన్న పత్రికల ఆఫీసుల్లో, సాహితీ సంస్థల బీరువాల్లో ఇలాంటి సీడీలు, ఫ్లాపీలు, పాత కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. వాటిని తెరవగలిగిన యంత్రాలు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. ఈ నెలలోనే ఒకసారి బయటికి తీయండి. ఆనాటి ఆపరేటరు ఊళ్ళోనే ఉంటే ఏ ఫాంటు వాడారో అడిగి రాసిపెట్టుకోండి. మీకు చేతకాకపోతే దగ్గర్లో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల చేతికివ్వండి, వాళ్ళు చేయగలరు.